తెల్లారేదాకా వెలగాలి!

శనివారం సాయంత్రం నాలుగు దాటిందంటే చాలు... శంకర్‌పల్లి వైపు వెళ్లే రోడ్డు మీద కార్ల వరస మొదలవుతుంది. జన్వాడ, మోకిల, ప్రొద్దుటూరు- ఒక్కో ఊరి దగ్గరా నాలుగు కార్లు పక్కకి తిరిగి మామిడితోటల్లోకీ ఫామ్‌హౌస్‌ల్లోకీ వెళ్లిపోతాయి. అటు మొయినాబాద్‌ మీదుగా చేవెళ్ల వెళ్లే దారిలోనూ అంతే. డిక్కీలో మడతపెట్టిన గుడారం, బొగ్గుల పొయ్యి, చాపలు, దుప్పట్లు, పిల్లల బ్యాట్లు, మంచినీళ్ల డబ్బాలు... అన్నీ ఉంటాయి. రాత్రికి వెలుతురు సంగతేమిటంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. 'సెల్‌ఫోన్‌ ఉందిగా!'

ఆ ఫోన్‌తోనే సాయంత్రమంతా ఫొటోలు తీస్తారు. దారి వెతుక్కునేదీ పాటలు పెట్టుకునేదీ కూడా దాంట్లోనే. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇరవై శాతం ఛార్జింగ్‌ మిగులుతుంది. అసలు చీకటి అప్పుడే మొదలవుతుంది. డిసెంబరులో ఈ ప్రాంతంలో సూర్యుడు ఆరు కాకముందే దిగిపోతాడు, మళ్లీ ఆరున్నర దాటాకగానీ రాడు. సంధ్యవెలుగు తీసేసినా పన్నెండు గంటల చీకటి. అర్ధరాత్రి పిల్లాడు 'అమ్మా, బాత్రూమ్‌' అని లేస్తే, గుడారం బయట అడుగు ఎక్కడ వెయ్యాలో చూపించడానికి ఒక దీపం కావాలి. రెండొందల రూపాయల టార్చి కొనాలా, రెండువేలది కొనాలా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడి పల్లెలకు ఎప్పుడో తెలుసు.

చీకటి ఎందుకు మిగిలింది?

హైదరాబాద్‌కి నలభై కిలోమీటర్ల దూరంలో ఇంత చీకటి మిగలడం వెనక ఓ కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. అలాంటిది మళ్లీ జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. వికారాబాద్‌ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఈ పొలాల మీదుగానే ఉస్మాన్‌సాగర్‌ చేరుతుంది. ఆ చెరువుల్లోకి నీరు వచ్చే ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. శంకర్‌పల్లి, మొయినాబాద్‌, చేవెళ్ల చుట్టుపక్కల మండలాలన్నీ కలిపి 84 గ్రామాల్లో భారీ కట్టడాలకు, కాలుష్యం చేసే పరిశ్రమలకు అడ్డుకట్ట పడింది. అపార్టుమెంట్లు రాలేదు, వాటి దీపాలూ రాలేదు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. ఈ చీకటి ఇంకెన్నాళ్లుంటుందో గానీ, తోటల మధ్యకి వెళితే ఇప్పటికీ తూర్పు దిక్కున మాత్రమే నగరం వెలుగు ఆకాశానికి అంటుకుని కనిపిస్తుంది. పడమట నక్షత్రాలే.

నగరం నుంచి వచ్చినవాళ్లకి ఈ చీకటి విహారం. ఇక్కడి రైతుకి అది ఏళ్ల తరబడి డ్యూటీ.

రాత్రి కరెంటు రోజులు

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. బిల్లు పోయిందిగానీ కరెంటు వచ్చే వేళ రైతు చేతిలో లేదు. త్రీఫేజ్‌ సరఫరాను విడతలవారీగా ఇచ్చేవారు. పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. వారం మారితే వేళ మారేది. టమాటా, క్యారెట్‌, పూలతోటలు... ఈ ప్రాంతమంతా బోరుబావుల మీదే సాగు. మడి తడవాలంటే కరెంటు వచ్చిన నిమిషంలో మోటారు ఆడాలి. రాత్రి పన్నెండింటికి కరెంటంటే పదకొండున్నరకే లేచి 'బాయికాడికి' బయలుదేరాలి. ఒక చేతిలో కర్ర, మరో చేతిలో బ్యాటరీ. ఇక్కడి ఊళ్లలో టార్చిలైటుని బ్యాటరీ అనే అంటారు.

ఆ నడకలో ఎన్ని ఇళ్లు దీపం కోల్పోయాయో అప్పటి పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. గట్టు మీద పాము కాటు, తడిచేతులతో స్టార్టర్‌ ముట్టుకుని షాకు... జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్తలవి. చాలామంది ఆటోస్టార్టర్లు బిగించుకున్నది కూడా ఆ నడక తప్పించుకోవడానికే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ఈ రాత్రి ప్రయాణాలు బాగా తగ్గాయి.

ఆ రైతు బ్యాటరీ కొనేటప్పుడు ఏం చూసేవాడు? ఎంతదూరం కొడుతుందని కాదు. సెల్లులు ఎన్నాళ్లు వస్తాయని! రెండు లావు సెల్లుల లైటైతే తేలిక, మూడు సెల్లులదైతే వెలుగెక్కువ. కానీ మూడో సెల్లు ఖర్చూ ఎక్కువే. అందుకే వెలిగించడం ఆర్పడం ఒక లెక్క ప్రకారం సాగేది. పది అడుగులకోసారి మీట నొక్కి, నేల చూసి, ఆర్పేసి, గుర్తు పెట్టుకుని నడిచేవారు. సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టేవారు. అదేదో మూఢనమ్మకం కాదు. జింకు-కార్బన్‌ సెల్లుకి కాసేపు విశ్రాంతి, కాస్త వేడి దొరికితే లోపలి రసాయన చర్య కొంచెం కోలుకుంటుంది, ఇంకో రాత్రి గడుస్తుంది. బల్బుకి సరిపోని సెల్లులు ట్రాన్సిస్టర్‌ రేడియోలోకి వెళ్లేవి. దానికి కావాల్సిన కరెంటు చాలా తక్కువ కాబట్టి అందులో ఇంకొన్నాళ్లు పాటలు పాడేవి. 'ఎవరెడీ' ఎర్ర సెల్లు ఒకటి, 1972లో పుట్టిన ఇండో నేషనల్‌ కంపెనీ జపాన్‌ సాంకేతిక సహకారంతో నెల్లూరు ప్రాంతంలో తయారుచేసిన 'నిప్పో' ఇంకొకటి. తెలుగు ఇళ్లలో టార్చి అంటే ఈ రెండు పేర్లే.

ఇలా ఆలోచించింది రైతులొక్కరే కాదు. శంకర్‌పల్లి స్టేషన్‌ మీదుగా పోయే సికింద్రాబాద్‌-వాడి రైలుమార్గంలో వానాకాలం రాత్రుళ్లు పట్టాల వెంట గస్తీ తిరిగే సిబ్బందికీ అంతే. సింగరేణి గనుల్లో టోపీకి దీపం తగిలించుకుని దిగే కార్మికుడికీ అంతే. షిఫ్టు ముగిసి పైకి వచ్చేదాకా ఆరకూడదన్నదే ఆ దీపానికి మొదటి షరతు. గుడారం వేసుకునే కుటుంబానికి కావాల్సిన టార్చి కూడా ఈ కోవలోదే. దుకాణంలో అమ్మేది మాత్రం వేరే కోవది.

'రెండు కిలోమీటర్లు కొడ్తది సార్‌!'

కోఠి గుజరాతీ గల్లీలోకో ట్రూప్‌ బజార్‌లోకో వెళ్లి టార్చి అడగండి. అమ్మేవాడు మొదట చేసే పని దాన్ని ఎదుటి మేడ మీదకి తిప్పి వెలిగించడం. రెండో పని కిలోమీటర్లలో చెప్పడం. పెట్టె మీద పెద్ద అంకెలు... ఇన్నివేల ల్యూమెన్లు, ఇన్నివందల మీటర్లు! ఇంతకీ ఆ మీటర్లకు అర్థమేమిటి? టార్చిలైట్లను కొలిచే పద్ధతి ఒకటి 2009లో అమెరికాలో స్థిరపడింది. మంచి కంపెనీలు దాన్నే పాటిస్తాయి. దాని ప్రకారం, కాంతి తగ్గితగ్గి పున్నమి వెన్నెలంత మిగిలేచోటు వరకూ కొలిచి ఆ దూరాన్ని పెట్టె మీద వేస్తారు. అంటే ఆ దూరంలో పడేది వెన్నెలే. అక్కడున్నది మేకో మనిషో పోల్చుకోవడం కూడా కష్టం.

'ఇన్ని గంటలు వెలుగుతుంది' అన్న అంకెలో ఇంకా పెద్ద తిరకాసుంది. అదే పద్ధతిలో వెలిగే సమయాన్ని కొలిచేది, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా! వెయ్యి ల్యూమెన్లతో మొదలైన లైటు రెండు నిమిషాల్లో వేడెక్కి మూడొందలకి దిగి, ఆ తర్వాత మెల్లగా వందదాకా జారుతూ పోతే... ఆ మొత్తం సమయాన్నీ కలిపి 'మూడు గంటలు' అని రాయవచ్చు. అది అబద్ధం కాదు. కొనేవాళ్లు అనుకునే నిజమూ కాదు. ఇక ఏ పద్ధతీ పాటించని పెట్టెల మీది అంకెల గురించి చెప్పేదేముంది!

కాబట్టి పెట్టె మీద వెతకాల్సింది పెద్ద అంకెని కాదు, చిన్న అంకెని. అన్నిటికన్నా తక్కువ వెలుగులో ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని గంటలు? గుడారం లోపల దుప్పటి సర్దుకోవడానికి, మాత్రల చీటీ చదువుకోవడానికి ఐదు నుంచి పది ల్యూమెన్లు చాలు. చీకటికి అలవాటుపడిన కళ్లకి అదే ఎక్కువ. కాలిబాటలో నడవడానికి యాభై నుంచి వంద. తోట చివర ఏదో చప్పుడైతే చూడ్డానికి మూడొందలు, అదీ అర నిమిషం. రాత్రంతా కలిపి లెక్కేస్తే తొంభై శాతం సమయం తక్కువ వెలుగే కావాలి. పాత రెండు సెల్లుల లైటు కొత్త బల్బుతో ఇచ్చిందే పది, పదిహేను ల్యూమెన్లు. దాంతోనే ఊళ్లకు ఊళ్లు ఏళ్ల తరబడి రాత్రుళ్లు నెట్టుకొచ్చాయి.

ఒక్క వాట్‌తో...

పాత బల్బులో సన్నతీగ ఎర్రగా కాలి వెలుగిచ్చేది. తీసుకున్న కరెంటులో అత్యధిక భాగం వేడిగా పోయేది. ఒక వాట్‌ తింటే పది ల్యూమెన్లు వచ్చేవి. నీలికాంతి ఎల్‌ఈడీని 1990ల్లో జపాన్‌ శాస్త్రవేత్తలు సాధించాక, దాని మీద పసుపు పూత వేసి తెల్లటి వెలుగు పుట్టించడం సాధ్యమైంది. ఆ నీలి ఎల్‌ఈడీకే 2014లో భౌతికశాస్త్ర నోబెల్‌ దక్కింది. ఇప్పుడు అదే ఒక్క వాట్‌తో వంద ల్యూమెన్లు వస్తాయి. అంటే పాత టార్చి వెలుగు చాలనుకుంటే పదో వంతు కరెంటే ఖర్చు.

లెక్క చాలా సులువు. గోడగడియారంలో వేసే పెన్సిల్‌ సెల్లు రీఛార్జి రకానిదైతే 2000 ఎంఏహెచ్‌ ఉంటుంది, 1.2 వోల్టులు. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 2.4 వాట్‌-అవర్లు. అంటే ఒక వాట్‌ చొప్పున రెండు గంటల పైచిలుకు. వంద ల్యూమెన్లతో వెలిగిస్తే రెండు గంటల్లో ఖాళీ. పది ల్యూమెన్లతో అయితే లోపలి సర్క్యూట్‌ తినేది పోగా పదిహేను గంటలకు తక్కువ కాదు. డిసెంబరు రాత్రి పన్నెండు గంటలేగా! ఒక్క పెన్సిల్‌ సెల్లుతో తెల్లారిపోతుంది. రెండు సెల్లుల లైటైతే రెండు రాత్రులు.

ఇంకోరకం ఉంది- పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం సెల్లు. ఆ కొలతల వల్లే దాని పేరు 18650. మంచి కంపెనీది 3000 ఎంఏహెచ్‌, 3.6 వోల్టులు. అంటే దాదాపు 11 వాట్‌-అవర్లు. యాభై ల్యూమెన్లతో పదిహేను గంటలకు పైనే వెలుగుతుంది. నాలుగు పెన్సిల్‌ సెల్లుల బలం ఒక్క దానిలో! బజార్లో దొరికే చవక సెల్లుల మీద మాత్రం 6800, 9900 అని అంకెలుంటాయి. ఈ సైజు సెల్లులో ప్రపంచంలోని ఏ పెద్ద కంపెనీ కూడా 3600కు మించి పెద్దగా పట్టించలేకపోయింది. కాబట్టి 9900 అని రాసుందంటే ఆ సెల్లుని అక్కడే వదిలేయడం మేలు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించడమూ ఒక గుర్తు. అసలుది నలభై అయిదు గ్రాములకు అటూఇటూ తూగుతుంది.

ఏది కొనాలి?

కిరాణా కొట్టులో కూడా వేలాడే గోడప్లగ్గు టార్చిలున్నాయి కదా, వెనక రెండు పిన్నులు మడతపెట్టినవి... ధర తక్కువ, వెలుగు బాగానే. కానీ వాటిలో చాలావాటి లోపల ఉండేది చిన్న లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ. వాడి ఖాళీ అయ్యాక వెంటనే ఛార్జి పెట్టకపోతే లోపలి పలకల మీద సల్ఫేట్‌ పేరుకుపోయి ఇక పట్టదు. రోజూ కరెంటు పోయే ఇంట్లో అది బతుకుతుంది. మూడు నెలలకోసారి గుడారంతో బయటికి తీసేవాళ్ల అటక మీద చచ్చిపోతుంది. క్యాంపింగ్‌కి దాన్ని నమ్ముకోకూడదు.

తల ముందుకీ వెనక్కీ జరిపి ఫోకస్‌ మార్చే అల్యూమినియం టార్చి పిల్లలకి నచ్చుతుంది. రిమోట్‌లో వేసే సన్నసెల్లులు మూడు ఒక ప్లాస్టిక్‌ గూటిలో పెట్టి లోపల దూర్చాలి. సన్నసెల్లులో సరుకు తక్కువ, మూడింట్లో ఒకటి పాతదైతే మిగతా రెండూ దాన్ని పీల్చేసి కారబెడతాయి. పైగా జరిగే తల దగ్గర వాన నీరు లోపలికి వెళుతుంది. రెండొందల లోపు దొరుకుతుంది కాబట్టి కారులో రెండోదిగా ఉంచుకోవచ్చు. అంతకుమించి కాదు.

చేత్తో తిప్పే డైనమో టార్చి గురించి... ఓసారి తిప్పి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఒకే ఒక్కటి కొనగలిగితే, ఒకటి లేదా రెండు పెన్సిల్‌ సెల్లులతో వెలిగేది, కనీసం మూడు స్థాయిల వెలుగు ఉన్నది చూసుకోవాలి. దానికో కారణముంది. సెల్లులు అయిపోతే శంకర్‌పల్లి బస్టాండు దగ్గర ఏ చిన్న దుకాణంలోనైనా పెన్సిల్‌ సెల్లు దొరుకుతుంది. 18650 దొరకదు. తక్కువగా కారిపోయే రకం రీఛార్జి సెల్లులు నాలుగు కొంటే ఏడాది అటక మీదున్నా డెబ్బై శాతం పైన ఛార్జి మిగిలే ఉంటుంది. ఏడాదిలో నాలుగుసార్లకు మించి బయటికి వెళ్లేవాళ్లకు మాత్రం యూఎస్‌బీతో నేరుగా ఛార్జయ్యే 18650 లైటు గిట్టుబాటు. సెల్లు బయటికి తీసి మార్చుకునే వీలున్నదే కొనాలి. లోపల సీలు చేసేసిన లైటు బ్యాటరీతోపాటే పోతుంది.

నలుగురున్న కుటుంబానికి ఇంకొకటి తప్పదు- నుదుటికి కట్టుకునే లైటు. సింగరేణి కార్మికుడిలా ఉన్నావని పిల్లలు ఏడిపిస్తారు. ఏడిపించనీ! పొయ్యి మీద చికెన్‌ కలపాలన్నా, గుడారం మేకులు కొట్టాలన్నా, పసిపిల్ల డైపర్‌ మార్చాలన్నా రెండు చేతులూ కావాలి. టార్చిని నోట్లో కరుచుకుని వంటచేసే అమ్మలు ఈ తోటల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. ప్రత్యేకంగా లాంతరు అక్కర్లేదు. మంచినీళ్ల సీసాని నిండా నింపి, నిలబెట్టిన టార్చి మీద కూర్చోబెడితే వెలుగు చుట్టూ పరుచుకుంటుంది. అన్నానికి కూర్చోవడానికి అది చాలు.

వాన సంగతి- పెట్టె మీద ఐపీఎక్స్‌4 అని ఉంటే జల్లుని తట్టుకుంటుంది. ఐపీఎక్స్‌7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా ఫరవాలేదు. తోటల్లో ఉండే కుటుంబానికి 4 సరిపోతుంది.

నేల మీది వెలుగు

దీర్ఘకాలం వెలిగే టార్చి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ నేలని కాస్త చూడాలి. ఎర్రమట్టి, గుట్టలు, రాళ్ల సందులు, ఎండుటాకులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి- మనదేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగూ తెలంగాణలో ఉన్నాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం, 2000 నుంచి 2019 వరకు దేశంలో పన్నెండు లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58 వేలు! ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రాంతం కూడా ఉంది. సగం మరణాలు జూన్‌-సెప్టెంబరు మధ్యలోనే. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకీ వస్తుంది, కరిచినా ఒక్కోసారి నొప్పే తెలియదు. చిన్నపింజరి ఎండుటాకుల రంగులోనే ఉంటుంది.

అందుకని టార్చి ఎలా పట్టుకోవాలన్నదీ ముఖ్యమే. నుదుటి లైటు వెలుగు కంటి ఎత్తులోంచే పడుతుంది కాబట్టి నీడలు వస్తువుల వెనకే దాక్కుంటాయి, నేలంతా చదునుగా కనిపిస్తుంది. నడిచేటప్పుడు లైటుని చేతిలోకి తీసుకుని నడుము కిందకి పట్టుకుంటే చిన్న కర్రముక్కకి కూడా పొడుగాటి నీడ పడుతుంది. కదిలేది వెంటనే తెలుస్తుంది. రైతులు బ్యాటరీని కిందకి వేలాడేసి నడిచేది అందుకే. నీలి ఛాయ ఉన్న చవక తెల్లలైటు కంటే కాస్త పసుపు ఛాయ ఉన్న లైటులో మట్టిరంగుల తేడాలు బాగా కనిపిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. తొలకరి పడ్డాక వచ్చే ఉసిళ్లు, దీపపు పురుగులు పసుపు వెలుగు మీదకి తక్కువగా వస్తాయి. అన్నంలో రెక్కలు ఏరుకునే పని కొంత తగ్గుతుంది.

బూట్లు గుడారం బయట వదిలితే పొద్దున్న టార్చి వేసి దులిపి తొడుక్కోవాలి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్‌ చేసి, విషానికి విరుగుడు సూది ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేరడమే. ఆ ఫోన్‌లో అప్పటికి ఛార్జి ఉండాలి కదా... టార్చి పని టార్చికి వదిలేయడానికి అదో కారణం.

వెలుగు ఎక్కడ వేయకూడదో కూడా తెలుసుకుంటే మంచిది. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానవనం 1994లో ఏర్పడింది. మూడున్నర చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. దాని కంచె చుట్టుపక్కల రాత్రిపూట జింకల కళ్లలోకి లైటు కొట్టడం సరదా కాదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లయితే మరీను. రోడ్డు వెడల్పు పనుల్లో వీటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లారు. ఆ కొమ్మల్లో రాత్రి మేలుకుని ఉండే గుడ్లగూబలకీ గబ్బిలాలకీ వెయ్యి ల్యూమెన్ల పరిచయం అక్కర్లేదు.

బయలుదేరే ముందు

కొత్త టార్చిని నేరుగా తోటకి తీసుకెళ్లకూడదు. ఇంట్లో ఓ రాత్రి పరీక్ష పెట్టాలి. సాయంత్రం ఏడింటికి నిండా ఛార్జి చేసిన సెల్లుతో అన్నిటికన్నా తక్కువ వెలుగులో వెలిగించి గదిలో గోడవైపు పెట్టేయాలి. పడుకునేముందు ఓసారి, మధ్యలో మెలకువ వస్తే ఓసారి, తెల్లవారుజామున అయిదింటికి ఓసారి దాని వెలుగులో పేపరు పట్టుకుని చూడాలి. అయిదింటికి కూడా చిన్నక్షరాలు చదవగలిగితే అది కొన్నందుకు సార్థకమైన లైటు. రాత్రి పదకొండుకే హెడ్డింగులు తప్ప కనిపించకపోతే దుకాణం బిల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి.

సంచీలో మీట దానంతటదే నొక్కుకుపోయి లైటు వెలిగిపోవడం ఎక్కువగా జరిగే ప్రమాదం. తోక మూతని పావు చుట్టు వదులు చేస్తే చాలు, కనెక్షన్‌ తెగిపోతుంది. ప్లాస్టిక్‌ టార్చి అయితే ఒక సెల్లుని తిరగేసి పెట్టొచ్చు. విడి లిథియం సెల్లుని తాళాలగుత్తితో కలిపి జేబులో వేసుకోవద్దు, ఏప్రిల్‌ ఎండలో మూసిన కారులో వదలొద్దు. రెండూ నిప్పుతో చెలగాటమే. అయిపోయిన సెల్లులు తోటలో పారేయకుండా వెంట తెచ్చుకోవాలి. అవి పడేది ఎవరో తాగే బోరు పక్కనే.

ఈ ప్రాంతంలో గుడారాలకి అసలు కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అందులోనూ డిసెంబరు 13, 14 తేదీల రాత్రి జెమినిడ్‌ ఉల్కలు రాలతాయి. చంద్రుడు లేని ఏడాదైతే శంకర్‌పల్లి దాటి వికారాబాద్‌ వైపు వెళ్లినకొద్దీ అవి ఇంకా బాగా కనిపిస్తాయి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఎవరో ఒకరు తెల్లలైటు ఒక్క క్షణం వేస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే. ఎర్రలైటుకి మాత్రం కళ్లు అంతగా చెదరవు. ఎర్రలైటు మీట ఉన్న నుదుటిలైట్లు దొరుకుతాయి. లేకపోతే పుట్టినరోజుకి తెచ్చి మిగిలిన ఎర్ర బెలూన్‌ ఒకటి కత్తిరించి టార్చి మూతికి తొడిగి, రబ్బరుబ్యాండు వేస్తే సరి.